మినుకు కడుపులో కొత్త పురుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సెలయేటి పక్కన చల్లటి రాతి సందులు. ఆ సందుల్లో బంగారు బల్లులు ఉండేవి. ఒకప్పుడు కోకొల్లలు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అందుకే ఒక్క బల్లి దగ్గినా అడవంతా ఉలిక్కిపడేది.

వాటికి వైద్యం చూసేది ముత్తెమ్మ అనే సాలీడు. ఎనిమిది కళ్లు కదా, ఆమె చూపుకు తిరుగులేదు! బల్లి నెత్తుటి చుక్కో, రెట్టో ఆకు మీద పెట్టి, పైన మంచుబొట్టు నిలిపి, అందులోంచి చూసేది. మామూలు కంటికి ఆనని పురుగులు పెద్దవిగా కనిపించేవి. ఆకారం, ఉండే చోటు, తినే తిండి చూసి ఏది ఏ జాతిదో తేల్చేది.

మొదట బల్లుల పెద్ద పసిడయ్యకు జ్వరం వచ్చింది. "నెత్తుట్లో ఆవగింజ పురుగు. వేపరసం తాగు" అంది. తగ్గింది. తర్వాత అతని చెల్లెలు గౌరక్క చిక్కిపోయింది. "పేగుల్లో దారప్పురుగు. వాయువిడంగాల పొడి మింగు" అంది. అదీ తగ్గింది. ఇంకేం, ముత్తెమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. ఎనిమిదీ!

మూడోసారి గౌరక్క కొడుకు మినుకు పడిపోయాడు. ఆ ఏడాది గుడ్డులోంచి వచ్చిన ఒకే ఒక్క పిల్ల వాడు. ముత్తెమ్మ వాడి నెత్తురు చూసింది. ఏమీ లేదు. రెట్ట చూసింది. ఆవగింజ పురుగులాంటిదే ఒకటి కనిపించింది. కానీ దానికి సన్నటి తోక ఉంది!

"ఏం పురుగమ్మా?" అని అడిగాడు పసిడయ్య.

ముత్తెమ్మ మంచుబొట్టులోంచి మళ్లీ చూసింది. అందరూ తననే చూస్తున్నారు.

"ఆవగింజదే అయ్యుంటుందిలే. వేపరసం పోసేద్దాం" అన్నాడు పసిడయ్య.

ఆ చేదు రసాన్ని నీరసించిన పసివాడు తట్టుకోలేడు. ఔనంటే పరువు దక్కుతుంది, పొరపాటైతే ప్రాణం పోతుంది. ముత్తెమ్మ తల దించుకుంది. మళ్లీ ఎత్తింది.

"నాకు తెలియదు మామా. దీన్ని నేనెప్పుడూ చూడలేదు. రసం పోయొద్దు."

"ఎనిమిది కళ్లుండి ఏం లాభం!" అని చెట్టు మీంచి చూస్తున్న ఒక కొండముచ్చు పకపకా నవ్వింది.

ముత్తెమ్మ ఆ నవ్వు పట్టించుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న బల్లుల రెట్టలు కూడా చూసింది. తోక పురుగు వాటిలోనూ ఉంది! ఎవరికీ చెరుపు చేయకుండా, బల్లి తినగా మిగిలింది తింటూ హాయిగా బతుకుతోంది.

"అయితే దొంగ వేరే ఉన్నాడు" అనుకుని మినుకు ఒళ్లంతా వెతికింది. కాలివేళ్ల మడతల్లో ఎర్రనల్లులు దూరి నెత్తురు పీలుస్తున్నాయి. కానుగ గింజలు నూరి పూస్తే అవన్నీ రాలిపోయాయి. మినుకు లేచి, ఎదురుగా వచ్చిన చీమను గుటుక్కున మింగాడు. గౌరక్క ఆనందంతో ఏడ్చేసింది.

"ఆ కొత్త జాతికి నీ పేరే పెట్టాలి ముత్తెమ్మా!" అన్నాడు పసిడయ్య.

"దొరికింది వీడి దగ్గర కదా మామా. మినుకుతోక అందాం."

ఆనాటి నుంచి మినుకు ఎవరు కనిపించినా పొట్ట ముందుకు తోసి, "నా కడుపులో నా పేరుతో ఒకరున్నారు, తెలుసా!" అనేవాడు.

ఒకరోజు కొండముచ్చు కూడా కడుపు పట్టుకుని వచ్చింది. ముత్తెమ్మ మంచుబొట్టు సవరించుకుంది.

"తెలియకపోతే తెలియదనే చెబుతాను మరి" అంది.

"అందుకే నీ దగ్గరికి వచ్చాను" అంది కొండముచ్చు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే పరువు పోదు, అసలైన పరువు అప్పుడే వస్తుంది.