తురాయి మొగ్గలో పది కోళ్ళు

మూడు వసంతాలుగా సుభాషిణి తురాయి మొగ్గల ఫొటోలే తీస్తోంది. ఎన్ని తీసిందంటే, రాయలసీమలో ఉన్న తురాయి చెట్లన్నీ ఒక్కటై మొగ్గ తొడిగినా ఆ లెక్కకు చాలవు. ఎంత దగ్గరగా తీసిందంటే, మొగ్గ మీద పాకే చీమ కాలు జారితే, ఆరు కాళ్ళలో ఏది జారిందో చెప్పెయ్యచ్చు.

ఇంతా చేసి, తనకు కావలసింది ఒక్క ఫొటోలోనూ దొరకలేదు.

ఆమెకు కావలసింది అన్న ముఖం.

అన్న పేరు రంగనాథ. పోయి మూడేళ్ళు దాటింది. చిన్నతనంలో వాళ్ళింట్లో కెమెరా లేదు. ఉన్నవాళ్ళ ఇంటికి పోయి నిలబడే అలవాటూ లేదు. ఇప్పుడు గోడకు ఉన్నది ఆఫీసు కార్డులోంచి పెద్దది చేయించిన బొమ్మ. నెరిసిన మీసం, బస్సు తప్పిపోయినవాడి చూపు. అది కాదు ఆమె వెతికేది. రైల్వే క్వార్టర్ల వెనక తురాయి చెట్టు కింద, మొగ్గలు వలిచి, లోపలి కేసరాలే కోళ్ళుగా తనతో కోడిపందాలాడిన పదకొండేళ్ళ రంగనాథ కావాలి.

మొగ్గను దగ్గరగా చూస్తే చాలు, అంతా కట్టలు తెంచుకుని వచ్చేది. ఆకుపచ్చ తొక్కల్ని గోళ్ళకు అంటించుకుని ఊరంతటినీ రాక్షసుల్లా హడలగొట్టడం. పచ్చి వాసన. గూడ్సు బండి పోతుంటే అదిరే నేల. అన్న చొక్కా మూడో గుండీ, అది ఊడి వేరే రంగు దారంతో కుట్టిన సంగతీ. అక్కడి నుంచి పైకి పోతే మెడ. మెడ దగ్గరికొచ్చి ఆగిపోయేది. ముఖం రాదు.

ఆ చైత్రంలో ఒక పొద్దున ఆమె లెన్సు పెట్టె చేతబట్టుకుని నంద్యాలలో దస్తగిరి మాస్టారి దగ్గరకు పోయింది. ఫొటో పని నేర్పిన గురువు ఆయనే. ఆయన తీసిన పెళ్ళి ఫొటోలు నేల మీద వరసగా పేరిస్తే, వాటి మీద నడుచుకుంటూ కాశీకీ అజ్మీరుకూ పోయి, కాలికి మట్టి అంటకుండా తిరిగి రావచ్చు. ఇప్పుడు స్టూడియో మూసేసి, దాని వెనక పెరట్లో స్టూలు వేసుకుని కూర్చుంటాడు. వయసు ఎనభై అంటాడు. నలభై ఏళ్ళుగా ఎనభయ్యే అంటున్నాడు.

"ఇదిగో మాస్టారూ, మీరిచ్చిన లెన్సు. ఇంక నా వల్ల కాదు."

"అరిగిపోయిందా?"

"నేను అరిగిపోయాను."

ఆయన పెట్టె అందుకోలేదు. "చాయ్ తాగితివా?"

"తాగాను."

"ఏ ఊర్లో? పెదాలు చూస్తే నిన్న మొన్న కూడా తాగినట్టు లేవు." కేక వేసి చాయ్ తెప్పించాడు. ఆమె సగం తాగి గ్లాసు కింద పెట్టింది. ఆ సగం కూడా కొండ మోసినట్టే తాగింది.

తాగుతూ తాగుతూనే అన్న సంగతి చెప్పింది, మొగ్గల కోడిపందాల నుంచి మెడ దగ్గర ఆగిపోవడం వరకూ. ముసలాయన విన్నాడు. పెరటి గోడ పక్కన తురాయి చెట్టుంది. కొమ్మల చివర మొగ్గలు గుత్తులు గుత్తులు.

"సరే," అన్నాడు. "నా కళ్ళ ముందర ఆఖరి మొగ్గ ఒకటి తీసిపో. తర్వాత లెన్సు పుచ్చుకుంటా."

వద్దనడానికి కూడా ఓపిక లేక ఆమె కెమెరా బిగించింది. చేతికందే కొమ్మకు వెదురు పుల్ల ఆన్చి, గాలికి ఊగకుండా కుట్టు దారంతో కట్టింది. మంచు పడ్డట్టు కనబడాలని మొగ్గ మీద నీళ్ళు చిలకరించింది. వెనక తెల్ల అట్ట నిలబెట్టింది. మనిషికి ఆపరేషన్ చెయ్యడానికి కూడా డాక్టర్లు ఇంత తతంగం పెట్టరు. తర్వాత వంగి, కంటిని కెమెరాకు ఆనించి, ఊపిరి బిగబట్టింది.

గాలి ఆగదు. ఆగితే ఎండ మారుతుంది. ఎండ కుదిరితే చీమ వస్తుంది. మెడ పట్టేసింది. నడుము ఎప్పుడో ఆమెను వదిలేసి వేరే కాపురం పెట్టుకుంది. గంట గడిచింది, ఇంకో గంట గడిచింది. మాస్టారు స్టూలు మీద నుంచి కదలలేదు.

చివరికి లోకంలోని గాలంతా ఒక్కసారి ఆగింది. నీటిబొట్టు మొగ్గ కొసన నిలిచింది. సుభాషిణి వేలు మీట మీద పడబోతోంది.

అప్పుడు ఏనుగు కాళ్ళంతటి రెండు వేళ్ళు కెమెరాలోకి వచ్చి, మొగ్గను పుటుక్కున తుంచుకుపోయాయి.

ఆమె తలెత్తింది. "మాస్టారూ." కోపం తెచ్చుకోవడానికి కూడా లోపల ఏమీ మిగల్లేదు.

ఆయన స్టూలు మీద కూర్చుని బొటనవేలి గోటితో మొగ్గ వలుస్తున్నాడు. ఒక తొక్కను గోరుకు అంటించుకుని చూసుకున్నాడు. లోపలి ఎర్ర రెక్కల్ని విప్పి, వంకీ తలల కేసరాలు పదింటినీ ఏరి అరచేతిలో పోసుకుని, చెయ్యి చాచాడు.

"ఏరుకో నీ కోడిని."

"ఇప్పుడా?"

"రాకపోతే చెప్పు, వదిలేస్తా."

"రాకపోవడమేంటి? మా అన్నను ఎన్నేళ్ళు ఓడించానో తెలుసా? వాడు ఒక్క పందెం గెలిచిన పాపాన పోలేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు. వాడికి కోడిని ఎంచుకోవడమే తెలీదు."

"పాపం," అన్నాడు మాస్టారు.

ఆమె ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ లావుగా ఉన్న కేసరం ఏరుకుంది. ఆయన ఒకటి తీసుకున్నాడు. వంకీలు తగిలించి లాగారు. ఆయన కోడి తల తెగి నేల మీద పడింది.

రెండో జతా అంతే. మూడోదీ అంతే. నాలుగోదానికి సుభాషిణి ముందుకు వంగింది, ముక్కు వంకీలకు తగిలేంత దగ్గరగా. గెలిచి, "చూశారా," అంది. పొద్దుట్నుంచీ ఆమె గొంతు అంత తేలిగ్గా పలకలేదు.

అరచేతిలో రెండే మిగిలాయి. ఒకటి బలంగా, పొగరుగా ఉంది. రెండోది మెడ వడిలి, ఊదితే తల రాలేట్టుంది.

"మీకు మరీ అన్యాయం జరుగుతోంది," అంది ఆమె. "ఈసారి ముందు మీరు తీసుకోండి."

మాస్టారు చూడకుండానే వేలు పెట్టి, వడిలినదాన్ని తీసుకున్నాడు.

సుభాషిణి చెయ్యి ఆగిపోయింది. అరచేతిని చూసింది. ఆయన వేళ్ళ మధ్య ఉన్నదాన్ని చూసింది. అక్కడి నుంచి చొక్కా, గుండీలు, ముడతలు పడ్డ మెడ. అప్పుడు తల ఇంకా పైకెత్తింది.

ఆయన కళ్ళు కేసరాల మీద లేవు. ఆమె ముఖం మీదే ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా ఉన్నాయో.

"మీరు కోళ్ళ వైపు చూడనే లేదు," అంది మెల్లగా.

"ఓడిపోదామని కూర్చున్నోనికి కోడితో ఏం పని తల్లీ."

"అప్పుడు నేనొక్కసారీ తలెత్తలేదు మాస్టారూ," అంది. తర్వాత లేచి, కొమ్మకు కట్టిన దారం విప్పింది. కొమ్మ ఊగి తన చోటికి పోయింది. ఆమె ఇంకో మొగ్గ తుంచి, వలిచి, పది కేసరాలూ అరచేతిలో పోసుకొచ్చి ఆయన ముందు కూర్చుంది. అందులో మెడ వడిలినదాన్ని వెతికి తను తీసుకుంది.

లెన్సు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

వంకీలు తగులుకున్నాయి. ఈసారి సుభాషిణి తల దించలేదు.