వంట అవధాన్లుగారిది

కృపాకర్ పాస్టరు బాధ ఒక్కటే. రైసుమిల్లు వీధికి వచ్చి మూడేళ్ళయింది. వీధి వీధంతా నవ్వుతూ పలకరిస్తుంది గానీ ఒక్కరూ అతని ఇంట్లో అన్నం ముట్టరు.

క్రిస్మస్‌కి కేకు ఇస్తే పుచ్చుకుంటారు. పుచ్చుకుని పనిమనిషి చేతిలో పెడతారు. ఆ పనిమనిషి ఆదివారం అతని చర్చికే వస్తుంది కాబట్టి, ఏ ఇంటికిచ్చిన కేకు ఆవిడ చేతికి చేరిందో కూడా అతనికి తెలుస్తూనే ఉంటుంది.

"అమ్మగారూ, నాలుగు మంచి మాటలు చెప్పాలన్నా ముందు వీళ్ళు నా గుమ్మం ఎక్కాలి కదా. ఏం చెయ్యమంటారు?" అని యునీకమ్మగారిని అడిగాడు.

యునీకమ్మగారు డెబ్భై దాటిన బైబిలు స్త్రీ. నలభై ఏళ్ళు ఊళ్ళు తిరిగి, ఆడవాళ్ళ వంటిళ్ళలో కూర్చుని ప్రభువు సంగతి చెప్పిన మనిషి. కృపాకర్‌కి వాక్యం నేర్పింది ఆవిడే. ఆవిడ నేర్పిన మగపిల్లలందరి పేర్లకీ ముందు రెవరెండు చేరింది. ఆవిడ మాత్రం బైబిలు స్త్రీగానే ఉండిపోయింది.

"అన్నానికి పిలు," అంది ఆవిడ.

అద్దెకుంటున్న ఇంటినే ఈమధ్య కొనుక్కున్నాడు. దాని ప్రతిష్ఠ ప్రార్థన దగ్గర పడింది. కృపాకర్‌కి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఊళ్ళో పెద్దింటి పెళ్ళిళ్ళకి వండే అవధాన్లుగారిని మాట్లాడాడు. అంతా శాకాహారం. ఆయన మనుషులే వండుతారు, వాళ్ళే వడ్డిస్తారు. ఆహ్వానం కార్డు అడుగున "వంట: అవధాన్లుగారు" అని అచ్చు వేయించాడు. కార్డులో ప్రభువు పేరు కంటే ఆ అక్షరాలే లావుగా పడ్డాయి.

వీధిలో అందరూ కార్డుని అడుగు నుంచే చదివారు.

వచ్చారు! సోమవారం పన్నెండు కొట్టకముందే గేటు దగ్గర చెప్పులు గుట్టపడ్డాయి. పందిట్లో బల్లలన్నీ నిండిపోయాయి. నలభై మంది! కృపాకర్ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తి, ఫ్యాను అటు తిప్పమని, నీళ్ళు ఇటు తెమ్మని కేకలేస్తున్నాడు. ఎదురింటి భ్రమరాంబగారు కూడా కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంది. మూడేళ్ళ ప్రార్థనకి జవాబు కళ్ళముందు వరసగా అరిటాకులు పరుచుకుని ఉంది.

యునీకమ్మగారు ఆటో దిగింది. పందిరంతా కలియజూసింది.

"ఆడాళ్ళేరయ్యా?"

"అరుగోనండీ, ఆ బల్లల నిండా..."

"మనాళ్ళు."

కృపాకర్ గొంతు తగ్గించాడు. "వెనక గదిలో ఉన్నారమ్మగారూ. ఒక్క గంట ఇటు రావద్దన్నాను. మనవాళ్ళు గిన్నెలు ముట్టుకున్నారంటే వీళ్ళు లేచిపోతారు."

"నీ పెళ్ళాం కూడా అక్కడేనా?"

"రిబ్కా ఏమీ అనుకోదండీ."

"అడిగావా?"

అతను అడగలేదు.

వెనక గదిలో రిబ్కా, చర్చి ఆడవాళ్ళు నలుగురూ కొత్త చీరలు కట్టుకుని, ఆసుపత్రిలో పిలుపు కోసం కూర్చున్నట్టు గోడవార కూర్చుని ఉన్నారు. "రండే," అంది యునీకమ్మగారు. తిన్నగా గాడిపొయ్యి దగ్గరికి నడిచి, కొంగు బిగించి, అన్నం బేసిను ఎత్తుకుంది. పప్పు బకెట్టు రిబ్కా చేతికిచ్చింది.

కృపాకర్ అడ్డంగా వచ్చాడు. "అమ్మగారూ! అవధాన్లుగారు ఒప్పుకోరండీ!"

అవధాన్లుగారు భుజం మీది తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. "నాకేం అభ్యంతరమండీ? వద్దన్నది మీరే కదా. మా మనుషులు ఇద్దరు పనికి ఎగ్గొట్టారు, చేతులు చాలక ఛస్తున్నాను. తీసుకోండమ్మా, ఆ సాంబారు కూడా తీసుకోండి."

యునీకమ్మగారు పందిరి నడిమధ్యకి వెళ్ళి నిలబడింది.

"అందరికీ వందనాలు. వంట అవధాన్లుగారిది. వడ్డన ఈ ఇంటి ఆడవాళ్ళది."

పందిరి ఒక్కసారి కదిలింది. ఒకాయన మోగని ఫోను చెవిన పెట్టుకుని "ఆఁ, వచ్చేస్తున్నా" అంటూ లేచాడు. ఒకాయనకి ఇవాళ ఏకాదశి అని జ్ఞాపకం వచ్చింది. "దశమి కదండీ" అన్న భార్యని రెక్క పుచ్చుకుని తీసుకుపోయాడు. ఉన్నట్టుండి కొందరికి కడుపు నిండిపోయింది. బల్లలు వరసన ఖాళీ అయ్యాయి.

"వెళ్ళిపోతున్నారమ్మగారూ!" కృపాకర్ గేటు వైపు చెయ్యి చాపాడు. "మూడేళ్ళ కష్టం!"

"మనింటికి వచ్చినవాళ్ళు కూర్చునే ఉన్నారయ్యా," అంది యునీకమ్మగారు, చేతిలో బేసిను దించకుండానే. "నువ్వూ కూర్చో."

ఏడుగురు మిగిలారు. కృపాకర్ వాళ్ళ వరసలోనే ఒక ఆకు ముందు కూలబడ్డాడు. రిబ్కా పప్పు వేసుకుంటూ వస్తోంది.

"ఏమమ్మాయ్," అంది భ్రమరాంబగారు. "పప్పులోకి ఊరగాయేదీ? బజారుది కాదు. వేసవిలో మీ డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టావు చూడూ, ఆ వాసనకి మేడమీద నేను నిలవలేకపోయాను. అది పట్రా."

"అది... నేను పెట్టిందండీ," అంది రిబ్కా, ముందే హెచ్చరిస్తున్నట్టు.

"కాకపోతే మీ ఆయన పెడతాడా?"

ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. రిబ్కా లోపలికి పరుగెత్తింది. జాడీ వచ్చింది. ఆకుల మీద ఎర్రగా మాగాయ పడింది. కోడలు మారు వేయించుకుంది. భ్రమరాంబగారు టెంక చీకి, "ఆవ ఎంత పోశావే పిల్లా, నషాళానికెక్కింది!" అని ముక్కు తుడుచుకుంటుంటే రిబ్కా పడీ పడీ నవ్వింది. ఈ వీధికి వచ్చాక ఆ నవ్వు కృపాకర్ వినలేదు.

"ఆదివారం మీ ఇంట్లో మీరు పాటలు పాడతారే," అంది భ్రమరాంబగారు నవ్వు ఆగాక. "ఒకదాంట్లో నువ్వొక్కదానివే గొంతు పైకెత్తుతావు. అక్కడ నా చేతిలో గరిటె ఆగిపోతుంది. ఏముందే ఆ పాటలో?"

కృపాకర్ దిగ్గున లేచాడు. మూడేళ్ళుగా కాచుకుని కూర్చున్న ప్రశ్న! జవాబు, దానికి నాలుగు వచనాలు నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచాడు.

యునీకమ్మగారు అతని ఆకులో ఇంత అన్నం వేసింది.

"తిను. అడిగింది నిన్ను కాదు."

రిబ్కా చెయ్యి తుడుచుకుని భ్రమరాంబగారి పక్కన కూర్చుంది.

"మా అమ్మ పాడేదండీ, నాట్లేస్తూ. దేవుడు నన్ను పేరుపెట్టి పిలిచాడు అని ఉంటుంది. మా ఊళ్ళో అమ్మని ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కాదు. ఓసే అనేవారు, ఇదిగో అనేవారు. అందుకని ఆ ఒక్క చరణమూ అమ్మ గొంతెత్తి పాడేది."

భ్రమరాంబగారు తినడం ఆపింది.

"ఏం పేరమ్మా మీ అమ్మది?"

కృపాకర్ కూర్చున్నాడు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.