ప్రాక్సీగా కూర్చున్న అబ్బులు

కడియపులంకలో నర్సరీ నడిపే ధనకోటి ఇంట్లో ముగ్గురుండేవాళ్ళు. ధనకోటి, అతని భార్య మంగాయమ్మ, తమ్ముడు అబ్బులు. ముగ్గురికీ తమ తెలివి మీద మహా నమ్మకం. "ఒక మాట చెబితే ఊళ్ళోవాళ్ళు తలా ఒక రకంగా అర్థం చేసుకుంటారండీ. మేం చెప్పింది చెప్పినట్టే వింటాం, విన్నది విన్నట్టే చేస్తాం" అని ధనకోటి మొక్కలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వెనకాల మంగాయమ్మ అవునవునని తల ఊపేది.

ఆ నర్సరీకి ఒక యాప్ ఉంది. కాకినాడలో హిమబిందు అనే ఇంజనీరమ్మాయి చేసి ఇచ్చింది. ఏ మొక్కలు కావాలో, ఎన్ని కావాలో ఫోన్లో నొక్కితే నర్సరీ కంప్యూటర్లో కనబడేది. ఆమె యాప్‌లో ఏవో మార్పులు చేసిన దగ్గర్నుంచి మాత్రం మొక్క పేరు సరిగ్గానే వస్తోంది గానీ, అంకె ఉండాల్సిన చోట సున్నా వస్తోంది.

రావులపాలెంలో ఒక ఆడపిల్లల స్కూలు హెడ్మిస్ట్రెస్ కనకవల్లి గారు, శనివారం పిల్లల చేత నాటించడానికి రెండు వందల నలభై పొగడ మొక్కలు యాప్‌లో అడిగారు. ఇక్కడ 'పొగడ మొక్కలు: సున్నా' అని వచ్చింది.

"సున్నా మొక్కలు అడిగారు, పంపొద్దూ?" అన్నాడు ధనకోటి. అంతే, అన్నదమ్ములిద్దరూ ఖాళీ వ్యాను వేసుకుని రావులపాలెం వెళ్ళారు. అబ్బులు వెనక తలుపులు బార్లా తెరిచి, "చూసుకోండమ్మా, ఒక్కటి కూడా ఎక్కువ తేలేదు" అన్నాడు.

కనకవల్లి గారు కాసేపు వ్యాను లోపలికి చూసి, "పిల్లలు ఎవరి గుంట వాళ్ళు తవ్వుకున్నారయ్యా. మొక్కలకి పేర్లు కూడా పెట్టుకున్నారు. రెండు వందల నలభై అని నోటితో చెబుతున్నాగా" అన్నారు.

"నోటితో ఒకటీ యాప్‌లో ఒకటీ చెబితే మేం ఏది వినాలండీ?" అన్నాడు ధనకోటి.

"శనివారానికి రాకపోతే వేరే నర్సరీలో తెచ్చుకుంటాం" అన్నారావిడ.

ఆ మాటకి ధనకోటికి అన్నం సయించలేదు. వెంటనే హిమబిందుకి ఫోన్ చేశాడు.

"నా ఫోన్లో బాగానే వెళ్తోందండీ. మీ ఫోన్ ఏం పంపుతోందో మధ్యలో విప్పి చూడాలి. ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక ప్రాక్సీ కూర్చోవాలి" అందామె.

అబ్బులు ఐటీఐలో రెండేళ్ళు స్నేహితుడి బదులు 'ప్రెజెంట్ సార్' అని ప్రాక్సీ చెప్పినవాడు. "ఈ పనిలో నాకున్న అనుభవం ఎవరికుంది వదినా?" అన్నాడు. అంతే, స్టూలు వేసుకుని ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చున్నాడు. మంగాయమ్మ ఫోన్లో ఐదు రోజాలు నొక్కింది.

"ఏమన్నా తెలిసిందా అబ్బులూ?"

"మెడ మీదుగా ఏదో చల్లగా వెళ్ళింది వదినా."

"అది ఫ్యాను."

ఏమీ కనబడలేదని చెబితే హిమబిందు, "అయితే ప్రాక్సీ సర్టిఫికెట్ ఫోన్లో పెట్టలేదన్నమాట. అది పెట్టాలి, ఫోన్ దాన్ని నమ్మాలి" అంది.

ఇంకేముంది, అబ్బులు ఐటీఐ సర్టిఫికెట్ బీరువాలోంచి బయటికొచ్చింది. ఎనిమిది మడతలు పెట్టి ఫోన్ వెనక కవర్లో కుక్కారు. మంగాయమ్మ ఫోన్ని దగ్గరికి తీసుకుని, "మా మరిది మంచివాడేనమ్మా, నమ్ము" అని బతిమాలింది. కాసేపటికి ఫోన్ వెలుగు ఆరిపోయింది. "కళ్ళు మూసుకుంది. నమ్మినట్టే" అన్నాడు ధనకోటి.

మళ్ళీ ఫోన్ చేశారు. "నమ్మిందా? మంచిది. ఇంక రిక్వెస్టులన్నీ పోర్టు మీదుగా వెళ్ళేలా చూడండి. పోర్టు నంబరు నాలుగు ఎనిమిదులు" అంది హిమబిందు.

అంతే, అబ్బులు ఒక తెల్లకాగితం మీద 'మా మొక్కల అంకె మాకు ఇప్పించవలసిందిగా రిక్వెస్టు' అని రాసుకుని, ఆ ఫోన్ కూడా పట్టుకుని కాకినాడ బస్సెక్కాడు. పోర్టు గేటు దగ్గర కాపలా ఆయన్ని నాలుగు ఎనిమిదులు ఎక్కడని అడిగాడు. ఆయన ఎండలో నిలబడ్డ అబ్బులుకి ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత కాగితం చదివి, ఎవరు పంపారో అడిగి, ఆ ఫోన్లోంచే హిమబిందుకి కబురు చేశాడు. ఆమె స్కూటర్ మీద వచ్చింది. కాగితం చూసింది, ఫోన్ వెనక ఉబ్బిన కవరు చూసింది.

"పదండి అబ్బులు గారూ, నేనే వస్తాను" అంది.

నర్సరీకి వచ్చి కంప్యూటర్లో తన ప్రాక్సీ ప్రోగ్రాం పెట్టింది. దాని సర్టిఫికెట్ ఫోన్లో ఎక్కించింది. మంగాయమ్మ మళ్ళీ ఐదు రోజాలు నొక్కగానే ఫోన్ పంపిందంతా తెర మీద విచ్చుకుంది. 'రోజాలు: సున్నా. కుండీలు: ఐదు.' కొత్త యాప్‌లో మొక్కల అంకె పోయి కుండీల గడిలో పడుతోంది, ఆ గడి నర్సరీ కంప్యూటర్లో కనబడదు. హిమబిందు ఫోన్లో ఇంకా పాత యాపే ఉంది.

"తప్పు నాదేనండీ" అంది ఆమె, చిన్నబోయి.

"పోన్లేమ్మా, అందరికీ మా అంత జాగ్రత్త ఎక్కణ్ణించి వస్తుంది" అని ఓదార్చాడు ధనకోటి.

"మరి నేను కూర్చున్నప్పుడు ఇవేమీ కనబళ్ళేదే?" అన్నాడు అబ్బులు.

"మామూలుగా ఇదంతా తాళం వేసుకుని వెళ్తుందండీ, దార్లో ఎవరూ చూడకుండా. తాళంచెవి అవతలివాళ్ళ దగ్గరే ఉంటుంది" అంది హిమబిందు. ముగ్గురూ ఆ మాట శ్రద్ధగా విన్నారు.

సాయంత్రానికి యాప్ బాగైంది. కనకవల్లి గారు మళ్ళీ నొక్కిన ఆర్డరు రెండు వందల నలభై అని వచ్చింది. మంగాయమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది.

శనివారం పొద్దున్నే వ్యానులో మొక్కలు సర్దారు. "ఉత్త అంకెలకే అంత జాగ్రత్తయితే మన మొక్కలకి ఎంతుండాలి?" అన్నాడు ధనకోటి. నొక్కితే పడే పెద్ద తాళం ఒకటి తెచ్చారు. తాళంచెవి అవతలివాళ్ళకే చేరాలి కాబట్టి దాన్ని భద్రంగా మొక్కల మధ్య పెట్టి, తలుపులు మూసి, తాళం నొక్కారు.

రావులపాలెంలో పిల్లలంతా చెంబులతో నీళ్ళు పట్టుకుని గుంటల పక్కన నిలబడి ఉన్నారు.

"తలుపు తీయవయ్యా" అన్నారు కనకవల్లి గారు.

"తాళంచెవి మీ కోసమే లోపల పెట్టామండీ" అన్నాడు ఈసారి ఒక్కడే వచ్చిన ధనకోటి.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోటి లేదా?"

"ఎందుకు లేదండీ" అని ధనకోటి ఇంటికి ఫోన్ చేశాడు. అబ్బులు రెండో తాళంచెవి తీసుకుని బయల్దేరాడు.

గంట గడిచింది. ఎండ ముదిరింది. పిల్లల చేతుల్లో నీళ్ళు వేడెక్కాయి. చివరికి స్కూలు వాచ్‌మన్ గునపం తెచ్చి రెండు దెబ్బల్లో తాళం పగలగొట్టాడు. పిల్లలు ఎగబడి ఎవరి మొక్క వాళ్ళు తీసుకుపోయారు.

ఆఖరి మొక్కకి నీళ్ళు పోస్తుండగా అబ్బులు చెమటలు కక్కుతూ వచ్చాడు. చంకలో ఇనప్పెట్టె, దానికి బుల్లి తాళం.

"తాళంచెవి ఇందులో ఉందండీ. దార్లో ఒక్కరి కంటా పడనివ్వలేదు" అన్నాడు కనకవల్లి గారితో.

"మరి ఈ పెట్టె తాళంచెవో?"

"అదీ మీకే చేరాలి కదండీ. బస్సెక్కేముందే మీ పేరు రాసి పోస్టు డబ్బాలో వేశాను. మంగళవారానికల్లా వచ్చేస్తుంది."