మంచులో పాడిన ఊరు

మొగలిపాలెం చర్చిలో హార్మోనియం వాయించే రూబేను చక్కగా పాడేవాడు గానీ, పక్కవాళ్ళ గొంతు తన గొంతు మీద పడితే సహించలేకపోయేవాడు.

అతనికి ఎప్పుడూ కుదురుండేది కాదు. పాస్టరు అయ్యగారు వాక్యం చదువుతుంటే కూడా అతని వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆడుతూనే ఉండేవి. పాట వంతు ఎప్పుడొస్తుందా, తనవైపు ఎవరు చూస్తున్నారా అని చూపులు తిరుగుతూనే ఉండేవి. పాట వస్తే తన గొంతుకు నప్పే పై శ్రుతిలోనే ఎత్తుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ గొంతు ఎంత బావుండేదో! వెన్నెల కరిగించి చెవిలో పోసినట్టుండేది. కానీ అంత ఎత్తుకు ఇంకెవరి గొంతూ చేరేది కాదు. చాపల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే నోరు మూసుకునేవాళ్ళు.

"చూశారా అయ్యగారూ, సంఘమంతా ఎలా మైమరచి వింటోందో!" అన్నాడొకసారి.

"వింటున్నారో, అందక ఊరుకుంటున్నారో కనుక్కో నాయనా" అన్నారు అయ్యగారు.

వదిన కెజియా అయితే, "నీ పాట అందుకోవాలంటే నాకు నిచ్చెన కావాలి మరిదీ" అని ఆటపట్టించేది.

"అందకపోతే చప్పట్లు కొట్టు వదినా" అని నవ్వేసేవాడు. ముసలి దీవెనమ్మను మాత్రం, "నీది బొంగురు గొంతు మామ్మా, వెనక్కెళ్ళు" అని గోడ దగ్గరికి పంపేశాడు.

ఆ ఊరి ముందు పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. దాని అవతలి కొస సముద్రంలో కలుస్తుంది. వేటకెళ్ళిన పడవలకు మంచులో ఒడ్డు కనబడకపోతే, ఊరంతా చర్చిలో చేరి పాడడం అక్కడి ఆచారం. ఆ చిన్న చర్చికి గంట లేదు, పాటే గంట. పాట వినబడే వైపుకు పడవలు వచ్చేవి.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే, చేయి చాపితే వేళ్ళు కనబడనంత మంచు దిగింది. సరస్సు మీద ఒక్క పడవే ఉంది. అందులో రూబేను అన్న ఆమోసు, ఇంకో ఇద్దరు ఉన్నారు.

జనం పరుగున వచ్చారు. కెజియా లోపలికి రాలేక, బయటికి పోలేక గుమ్మంలోనే నిలబడింది. రూబేను హార్మోనియం ముందు కూర్చున్నాడు. మనసులో భయమూ ఉంది, ఈవేళ సరస్సంతా నా గొంతే వింటుందన్న ఆశా ఉంది. అలవాటుగా పై శ్రుతిలో ఎత్తుకున్నాడు. జనం ఒక చరణం తంటాలు పడి, దగ్గి, ఆగిపోయారు. అతనొక్కడే మిగిలాడు. ఆ గొంతు తియ్యగానే ఉంది. కానీ గుమ్మం దాటగానే మంచు మింగేసింది.

"ఓ...య్!" అని నీళ్ళ మీంచి కేక వినబడింది. కాసేపటికి మళ్ళీ వినబడింది, ఇంకా దూరంగా.

"పడవ సముద్రం వైపు పోతోంది!" కెజియా గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఆపు రూబేనూ! నీ పాట ఎంత బావుంటే నాకెందుకు? నాకు మీ అన్న కావాలి!"

హార్మోనియం ఆగిపోయింది. అప్పుడు గోడ దగ్గర్నుంచి దీవెనమ్మ అదే పాటను తన బొంగురు గొంతుతో, కింది శ్రుతిలో ఎత్తుకుంది. ఆడవాళ్ళు కలిశారు, మగవాళ్ళు కలిశారు. రూబేను ఆ శ్రుతి కోసం మెట్లు వెతికాడు. అది ఒకచోట నిలిస్తేగా! ఇంకో రోజైతే విసుక్కునేవాడే. ఆ రోజు మాత్రం హార్మోనియం మూసేసి, వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు.

"కానివ్వు మామ్మా, నీ వెనకే వస్తా" అన్నాడు.

పాడినకొద్దీ చర్చి గోడలు అదిరాయి. రూబేనుకు తన గొంతు తనకే వినబడలేదు. పాట అయిపోతే మళ్ళీ మొదటికొచ్చారు, మళ్ళీ పాడారు. గొంతులు ఎండిపోతున్నా ఎవరూ ఆపలేదు. చివరికి కేక దగ్గరగా వినబడింది. ఆ తర్వాత తెడ్ల చప్పుడు. కెజియా మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తింది.

ఆమోసు ఒడ్డుకు దిగి వణుకుతూ తమ్ముణ్ణి పట్టుకున్నాడు. "ముందు దోమ పాడినట్టు ఏదో సన్నగా వినిపించిందిరా, ఎటునుంచో తెలీలేదు. తర్వాత ఊరే పాడింది. అందులో నీ గొంతుందా?"

"ఉందన్నయ్యా" అన్నాడు రూబేను, కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఏది నాదో చెప్పలేను."

నీతి: దేవుని సన్నిధిలో పాట మన గొప్ప చూపించుకోవడానికి కాదు, మనల్ని మనం తగ్గించుకుని పదిమందితో గొంతు కలిపినప్పుడే అది ఆరాధన అవుతుంది.