పంచె ముడి కింద చుక్క

గవర్రాజు చావు డాక్టర్ కిరీటికి మింగుడు పడలేదు.

ఆపరేషన్ ఎంత బాగా జరిగిందనుకున్నారు! డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, మూత్రాశయంలో క్యాన్సరు. కిరీటి రోబో యంత్రం ముందు కూర్చుని, పొట్ట మీద ఆరు చిన్న చిల్లులతో మూత్రాశయం మొత్తం తీసేశాడు. గ్లాసుడు రక్తం పోయిందో లేదో. ఇక మూత్రం బయటికి రావడానికి బొడ్డుకు కుడిపక్కన ఓ కన్నం, దానికి అతికించే సంచీ. ఎనిమిదో రోజుకి ముసలాయన తన కాళ్ళ మీద ఇంటికెళ్ళాడు.

నలభయ్యో రోజున ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. కన్నం చుట్టూ చర్మం పుండైపోయింది. నాలుక ఎండి చెక్కలా ఉంది.

"సంచీ నిలవదు బాబూ, ఊడిపోతాది. బట్టలు తడిసిపోతన్నాయని సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసినాడు," అంది ఆయన భార్య.

కిడ్నీలు అప్పటికే ఆగిపోయాయి. మూడోనాడు పోయాడు.

కిరీటి తన గురువు పరాంకుశంగారి గదికి వెళ్ళాడు. ముప్పై ఐదేళ్ళు చేత్తో పొట్ట కోసి ఇదే ఆపరేషన్ చేసిన మనిషి ఆయన. యంత్రం రాగానే కుర్చీ శిష్యుడికిచ్చి పక్కన నిలబడ్డాడు, మొహం ముడుచుకోకుండా. అది అందరి వల్లా అవుతుందా చెప్పండి.

"వీడియో మొత్తం మళ్ళీ చూశాను సార్. ఒక్క తప్పు లేదు. ఇంటివాళ్ళ అశ్రద్ధ."

"అలాగా," అన్నారాయన.

"రేపు సన్యాసయ్యకి చేయాలి. డెబ్భై ఏడేళ్ళు. ఇంత పెద్దవాళ్ళకి రోబో మంచిదా, చేత్తో కోయడం మంచిదా? మీరే చెప్పండి సార్."

"చుక్క పెట్టావా?"

చుక్కంటే, కన్నం ఎక్కడ రావాలో ముందురోజు చర్మం మీద సిరాతో పెట్టే గుర్తు.

"పెట్టాను సార్. బల్ల మీద పడుకోబెట్టి, స్కేలుతో కొలిచి మరీ."

"పద, చూద్దాం."

సన్యాసయ్య ఆస్పత్రి గౌనులో మంచం మీద పడుకుని ఉన్నాడు. గౌను పైకెత్తితే చుక్క నల్లగా, చక్కగా కనిపించింది. కిరీటి గురువుగారి వైపు చూశాడు.

ఆయన చుక్క జోలికే పోలేదు.

"మీ పంచె ఏదండీ?"

"తలగడ కిందుంది బాబూ."

"ఈ గౌను తీసేసి అది కట్టుకోండి. ఇంట్లో ఎలా కట్టుకుంటారో అలాగే."

ముసలాయన మెల్లగా దిగి పంచె కట్టుకున్నాడు. పరాంకుశంగారు స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టారు.

"ఇప్పుడు డాక్టరుగారు పెట్టిన చుక్క మీద వేలు పెట్టండి."

సన్యాసయ్య తల వంచాడు. కూర్చునేసరికి వదులైన పొట్ట రెండు మడతలు పడింది. పై మడత ఎత్తి చూశాడు. తడిమాడు. చేతికి పంచె ముడే తగిలింది.

"తొంగున్నప్పుడు ఉండీది బాబూ. ఇప్పుడు కానరాట్లేదు," అని బోసినోటితో నవ్వాడు. "కోతకి భయపడి నాకంటే ముందే పారిపోనాదేటి?"

కిరీటి ఆ ముడి వైపే చూస్తున్నాడు. సంచీ అతికించాల్సింది ఆ ముడి కిందే, ఆ మడతలోనే. ముసలాయన వేళ్ళు ఇంకా అక్కడే తడుముకుంటున్నాయి.

"గవర్రాజుగారికి ఎక్కడ పెట్టావు?" అన్నారు పరాంకుశంగారు, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా.

"అక్కడే సార్."

"ఆయన పంచె ఎక్కడ కట్టేవారు?"

తను వైద్యం చేసిన ఆ మనిషిని కిరీటి గౌనులో తప్ప చూడలేదు.

పరాంకుశంగారు జేబులోంచి సిరా కలం తీసి అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

కిరీటి దూదిని స్పిరిట్లో ముంచి, ముసలాయన ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇంతకీ మిషనా, చెయ్యా బాబూ?" అనడిగాడు సన్యాసయ్య.

"లేవకండి తాతగారూ," అన్నాడు కిరీటి, పాత చుక్క తుడుస్తూ. "కూర్చునే ఉండండి."