సీటు కింద లేసు ముడి

ఆ ఫోను ఇలా ఇచ్చి దుప్పటి కప్పుకో అమ్మలూ. ఆ నీలం సైకిలు వేలంపాట రేపు సాయంత్రం దాకా ఉంది, ఈలోగా అది ఎక్కడికీ పారిపోదు. ఇటు దొర్లి అటు దొర్లి నా పక్కంతా నలిపేశావు. కాస్త కుదురుగా పడుకుంటే, నీలాగే కుదురు లేకుండా తిరిగిన ఒకావిడ కథ చెప్తాను.

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు, ఈమధ్యనే, నరసాపురానికి అవతల గోదావరి గట్టు కింద ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. అందరూ రత్నం అనేవారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఇంటి పని అవగానే అరుగు మీద కూర్చుని, సూదీ దారం ఉండా పట్టుకుని, పువ్వు పక్కన పువ్వు అల్లుకుంటూ పోతారు. రత్నం కూడా పదిహేనేళ్ళు అలాగే అల్లింది. అల్లీ అల్లీ కళ్ళు మందగించాయి. ఇంకో రెండేళ్ళు పోతే సూదిమొన కనపడదని డాక్టరు చెప్పాడు. మరి ఆ తర్వాత ఏం చేసి బతకాలి? ఆ దిగులు దానికి అన్నం తింటున్నా ఉండేది, పడుకున్నా ఉండేది.

అప్పుడు ఏమయిందీ, మూడు ఊళ్ళు తిరిగి లేసు పోగుచేసి నరసాపురంలో షావుకారు కొట్టుకి చేర్చే ఏజెంటు, ఇక నావల్ల కాదని పని మానేశాడు. షావుకారు రత్నానికి కబురు పెట్టాడు. "ఆ పని నీకిస్తాను. కానీ సోమవారం పదింటికల్లా సరుకు నా కొట్లో ఉండాలి. మొదటి వారమే ఆలస్యమైతే ఇంకొకరిని చూసుకుంటాను" అన్నాడు.

చేతిలో ఉన్నది ఒక్క వారం. మూడు ఊళ్ళూ నడిచి తిరిగితే నరసాపురం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆటో పెట్టుకుంటే వచ్చిందంతా ఆటోకే పోతుంది. ఇక సైకిలే దిక్కు. కొత్తది కొనే స్తోమతు లేదు. ఎవరో చెప్పారు, ఫోనులో పాత సైకిళ్ళు వేలం వేస్తారని, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకే ఇస్తారని. అంతే, ఫోను పట్టుకుని కూర్చుంది. కూర్చుందంటే కూర్చోలేదులే. అరుగు మీంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి, నిలిచిన చోట నిలవకుండా తిరిగింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

మంగళవారం నాడు ఒక ఎర్ర సైకిలు కనపడింది. అద్దంలా మెరుస్తోంది. పాట మొదలు పెట్టిన ధర చూస్తే కారుచవక. అంతలో అమ్మేవాడి దగ్గర్నుంచి కబురొచ్చింది. "నేను మిలిట్రీలో పని చేస్తానండీ, భీమవరంలో ఉంటాను. ట్రాన్స్‌ఫర్ అయింది, ఎల్లుండే ప్రయాణం. అయిదు వందలు అడ్వాన్సు పంపారంటే పాట ఆపేసి మీకే ఇచ్చేస్తాను" అని.

రత్నం మారుమాట్లాడకుండా పంపింది. ఎందుకో తెలుసా? లేసు పనిలో షావుకారు ముందుగా దారం ఇస్తాడు. రసీదూ లేదు, కాగితమూ లేదు. ముందు ఇచ్చినవాణ్ణి అనుమానించడం, ముందు ఇమ్మంటే జంకడం, రెండూ ఆ ఊళ్ళో సిగ్గుమాలిన పనులు. పిచ్చిది, ఫోనులో మనిషి కూడా తమ షావుకారు లాంటివాడే అనుకుంది.

ఆ తర్వాత వాడు, సైకిలు వేరేవాళ్ళకి పోయింది, మీ అయిదు వందలు తిరిగి పంపుతానన్నాడు. ఫోనుకి ఒక గళ్ళ బొమ్మ పంపి, అది స్కాన్ చేసి మీ రహస్యం నంబరు నొక్కండి అన్నాడు. రత్నం నొక్కబోతుంటే పక్కింటి సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఈ సువార్తమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎందరికో లేసు నేర్పిన ముసలావిడ.

"డబ్బు పుచ్చుకోడానికి నువ్వు నంబరు నొక్కడం ఏంటే?" అంది. "ఏదీ, ఆ సైకిలు బొమ్మ ఇలా చూపించు."

కళ్ళజోడు పైకి జరుపుకుని చూసింది. సైకిలు వెనకాల ఇళ్ళ కప్పులు తెల్లగా ఉన్నాయి. "భీమవరంలో మంచు ఎప్పుడు పడిందే రత్నం?" అంది.

రత్నానికి అప్పుడు గానీ వెలగలేదు. వాడికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. అయిదు వందలంటే దానికి వారం రోజుల అల్లిక. తలుపు చాటుకు వెళ్ళి ఏడ్చింది. సువార్తమ్మ తిట్టలేదు. "లేసు కొనేవాడు ముందు ఏం చేస్తాడు? తిరగేసి చూస్తాడు. ముడులన్నీ వెనకే కదా ఉండేది. నీకు చిన్నప్పుడే చెప్పాను" అని మాత్రం అంది.

గురువారం నాడు ఒక నల్ల సైకిలు వచ్చింది, పాలకొల్లులో. ఈసారి రత్నం పైసా ముందు ఇవ్వలేదు, ఊరికే పాట పాడింది. అది యాభై పెంచితే, గరుడ అని పేరు పెట్టుకున్న ఎవడో వెంటనే ఇంకో యాభై పెంచుతాడు. ఇది పెంచడం, వాడు పెంచడం. రత్నం చేతిలో సూది జారి రెండు పువ్వులు తప్పుపోయాయి. పంతం పట్టింది. ఇంకో యాభై, ఇంకో యాభై.

అప్పుడు సువార్తమ్మ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది. మధ్యాహ్నం దాకా తియ్యనివ్వలేదు. రత్నం ఆ డబ్బా చుట్టూ పిల్లిలా తిరిగింది. తీసి చూస్తే గరుడ అక్కడే ఆగి ఉన్నాడు. రత్నం ఆగితే వాడూ ఆగాడన్నమాట. ఇంతలో అమ్మేవాడే ఫోన్ చేశాడు. "గరుడ గారు వద్దన్నారమ్మా, మీరు చివర పాడిన ధరకి మీకే ఇచ్చేస్తాను" అన్నాడు.

"ఆ గరుడ గారు లేకపోతే నేను మొదట పాడిన ధర దగ్గరే ఉండేదాన్ని కదా బాబూ. దానికే ఇస్తావా?" అని అడిగింది. అవతల ఫోన్ ఠక్కున పెట్టేశాడు. గరుడా వాడే, సైకిలు వాడూ వాడే.

శనివారం వచ్చేసింది. రత్నానికి కాళ్ళల్లో చీమలు పాకుతున్నట్టుంది. అప్పుడు ఒక ఆకుపచ్చ లేడీస్ సైకిలు కనపడింది, నరసాపురంలోనే. వచ్చి చూసుకోమన్నాడు అమ్మేవాడు. చూశాకే డబ్బు అన్నాడు. ధర కూడా రత్నం కొంగులో ముడేసుకున్న డబ్బంతే. రత్నం పరుగున వెళ్ళింది.

మీసాల ఆయన, నవ్వుమొహం. "మా అక్కదమ్మా, పదేళ్ళుగా మా ఇంట్లోదే" అన్నాడు. రత్నం బెల్లు కొట్టింది, మోగింది. బ్రేకు నొక్కింది, పట్టింది. ఎక్కి వీధి చివర దాకా తొక్కింది. ఎంత హాయిగా ఉందనుకున్నావు, గాలికి చెమటంతా ఆరిపోయింది. ఇదే నాది అనుకుంది. అయినా సువార్తమ్మ మాట గుర్తొచ్చి సైకిలు తలకిందులు చేసింది.

పెడళ్ళు కలిసే చోట అడుగున నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు ఆకురాయితో అరగదీసి ఉంది. ఆ తర్వాత సీటు కింద చెయ్యి పెట్టింది. స్ప్రింగులు కిర్రుమనకుండా ఎవరో లేసు ముక్క చుట్టి కట్టారు. వేళ్ళకి ముడి తగిలింది. కొస మూడుసార్లు వెనక్కి తోసి దాచిన ముడి. అలా దాచడం సువార్తమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ రాదు.

అంటే ఇది ఆయన అక్కది కాదు, ఎవరో లేసావిడ దగ్గర కొట్టేసింది. సంచిలో చిన్న కత్తెర ఉంది. టప్పున కత్తిరించి పారేస్తే ఆ ముడి ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? ఎల్లుండి సోమవారం. ఇంకో సైకిలు దొరకదు. కత్తెర తీసింది కూడా. వేళ్ళు ముడి మీదే ఉండిపోయాయి. అది ఏ అరుగు మీదో, ఏ ఆడదో, దీనిలాగే కళ్ళు చిట్లించుకుని వేసిన ముడి. కత్తెర లోపల పెట్టేసింది. "సాయంత్రం డబ్బుతో వస్తాను, ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి, ఫోనులో ఆ ముడి బొమ్మ తీసుకుని వచ్చేసింది. దారంతా తనని తనే తిట్టుకుంది.

సువార్తమ్మ బొమ్మ చూడగానే పోల్చింది. "ఇది దీనమ్మ చెయ్యి. దాని ముడి ఎప్పుడూ ఎడమకి లాగుతుంది. పోయిన నెల సంతలో సైకిలు పోగొట్టుకుంది పాపం. స్టేషన్లో కాగితం కూడా రాసిచ్చింది" అంది. దీనమ్మ అవతలి ఊరావిడ. కబురందగానే పోలీసుని వెంటబెట్టుకుని వెళ్ళింది. కాగితంలో సీటు కింద లేసు ముక్క అని రాసి ఉంది, సైకిలుకీ ఉంది. మీసాలాయన నవ్వు ఎటుపోయిందో మరి. సంతకం పెట్టించుకుని సైకిలు దీనమ్మకి ఇచ్చేశారు.

దీనమ్మ సైకిలు దీనమ్మకి చేరింది. రత్నానికి ఏం మిగిలింది? ఏమీ లేదు.

సోమవారం చీకటితోనే లేచి రత్నం కాలినడకన బయల్దేరింది. మొదటి ఊరు అయింది. రెండో ఊరు అయింది. మూడో ఊళ్ళో మూట కట్టేసరికి ఎనిమిదిన్నర. నరసాపురం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. అందదని తెలుసు, అయినా నడుస్తోంది. కళ్ళనీళ్ళకి రోడ్డు కనపడటం లేదు.

అప్పుడు వెనకాల బెల్లు మోగింది. ఆ బెల్లు రత్నానికి తెలుసు. తిరిగి చూస్తే ఆకుపచ్చ సైకిలు మీద దీనమ్మ, రొప్పుతూ.

"సువార్తమ్మ గారు చెప్పారు. మూట ముందు పెట్టు వదినా, నువ్వు వెనక ఎక్కు" అంది.

షావుకారు కొట్లో గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన లేసు తీసుకుని, తిరగేసి, ముడులు చూసి, సరే అన్నాడు. ఆ వారం నుంచి ఆ పని ఇద్దరిదీ అయింది. ఒకరు తొక్కితే ఒకరు మూట పట్టుకుంటారు. సీటు కింద దీనమ్మ ముడి పక్కన ఇప్పుడు రత్నం ముడి కూడా ఉంది.

రేపు ఆ నీలం సైకిలు అమ్మే అతన్ని, దాన్ని తలకిందులు చేసి చూపించమందాం అమ్మలూ. చూపిస్తే వెళ్ళి చూద్దాం, లేకపోతే లేదు. ఇక నాతోపాటు అను, కళ్ళు మూసుకునే అను:

ముందు చూడు, వెనక చూడు, తిరగేసి చూడు,
తొందరపెట్టేవాడుంటే తొలగిపోయి చూడు,
మూట కట్టి, బెల్లు కొట్టి కథ కంచికెళ్ళింది,
ఇల్లు చేరి మా అమ్మలు నిద్రలోకెళ్ళింది.