అబద్ధం పాడని ఆస్దిస్

ఏడు సముద్రాలు దాటి ఇంకా ఉత్తరానికి పోతే ఒక మంచుదేశం ఉండేది, పిల్లలూ. ఆ దేశానికి రోల్ఫ్ అని ఒక రాజు. ఆయన కొలువులో ఆస్దిస్ అనే కవయిత్రి ఉండేది. అక్కడ రాయడం ఎవరికీ రాదు. ఎవరు వీరుడో, ఎవరు ద్రోహో, కవి పాడితేనే లోకంలో నిలిచేది.

ఒకనాడు కోల్గ్రిమ్ అనే మాంత్రికుడు తన సైన్యంతో అతిథిగా వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. ఆపైన తలుపులు బిగించి, రాజునీ పరివారాన్నీ లోపలే ఉంచి, కొలువుకూటానికి నిప్పుపెట్టాడు. వేటకు వెళ్ళిన యువరాజు ఐనార్, చేపలకోసం రేవుకెళ్ళిన ఆస్దిస్ మాత్రమే మిగిలారు. ఆ బూడిదలో ఆమె అన్న కూడా ఉన్నాడు.

ఆస్దిస్ ఏడవలేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఒడ్డున సముద్రం వైపు తిరిగి అరిచింది: "వాడికి చావే లేదా?"

నీళ్ళలోంచి సీల్ అనే సముద్రజంతువు ఒకటి, బాగా ముసలిది, తల పైకెత్తింది. "ఉందమ్మా. ఏడో సముద్రంలో నల్లరాయి మీద ఒక తెల్లడేగ ఉంది. వాడి ప్రాణం దాంట్లోనే."

అప్పుడే వేటనుంచి తిరిగొచ్చిన ఐనార్ ఆ మాట విని సీల్ వీపెక్కాడు. "నేను వచ్చేదాకా జాగ్రత్త" అన్నాడు.

"నా సంగతి నీకెందుకు? త్వరగా వెళ్ళు!" అని ఆస్దిస్ కసిరింది.

కోల్గ్రిమ్ సింహాసనమెక్కి ఆమెను పిలిపించాడు. "రాజు రోగంతో పోయాడని, నన్నే వారసుణ్ణి చేశాడని పాడు" అంటూ బంగారు కడియం ఇవ్వబోయాడు. ఆమె దాన్ని నేలకేసి కొట్టింది. రెండోసారి చీకటికొట్లో పడేసి అడిగాడు. "నీ నోటితో నువ్వే పాడుకో" అంది. మూడోసారి మెడమీద గొడ్డలి పెట్టించాడు.

"సరే, పాడతాను. నీ సైన్యమంతా వినాలి" అంది ఆస్దిస్.

సైన్యమంతా చేరింది. ఆమె గొంతెత్తింది. మూసిన తలుపుల గురించి పాడింది. లోపలినుంచి తలుపులు బాదిన చేతుల గురించి పాడింది. తిన్న ఇంటినే కాల్చిన వాడి పేరు పదేపదే పలికింది. చచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. అన్న పేరు దగ్గర గొంతు చీలింది, అయినా ఆగలేదు.

"నరకండి దీన్ని!" అని కోల్గ్రిమ్ కేకపెట్టాడు.

గొడ్డలి పట్టుకున్న సైనికుడు కదల్లేదు. "పాట మధ్యలో కవిని చంపితే నా పేరు ఏమవుతుంది?" అని గొడ్డలి కింద పడేశాడు. మిగతావాళ్ళు సిగ్గుతో తలలు దించుకున్నారు.

కోల్గ్రిమ్ తానే గొడ్డలి అందుకున్నాడు. అది ఎత్తేలోపు ఐనార్ ఉప్పునీళ్ళు ఓడుతూ సైన్యం మధ్యలోంచి దూసుకొచ్చాడు. చేతిలో తెల్లడేగ. దాన్ని ఒక్క తిప్పు తిప్పాడు. డేగ మెడ విరిగింది, మాంత్రికుడు గుండె పట్టుకుని కూలాడు.

ఐనార్ రాజయ్యాడు. నన్ను పెళ్ళాడతావా అని ఆస్దిస్‌ని అడిగాడు. "నా నోరు మూయించనంటేనే" అంది. సరేనన్నాడు. పెళ్ళివిందులో ఒక ముసలి సామంతుడు లేచి, "అమ్మా, మన రాజు ఒంటిచేత్తో వందమంది రాక్షసులను చంపాడని పాడు" అన్నాడు.

ఆస్దిస్ కళ్ళెర్రజేసింది. "ఆయన చంపింది ఒక పక్షిని. అదే పాడతాను. ఇష్టమైతే విను, లేకపోతే లేచి వెళ్ళు!"

అందరికంటే ముందు రాజే పకపకా నవ్వాడు. వాళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా చల్లగా రాజ్యమేలారు. ఆ దేశంలో ఎవరి గురించీ లేనిది పాడే ధైర్యం ఏ కవికీ రాలేదు.